అవ్వా, నేనూ, ఒక కీబోర్డూ

నేను పుట్టింది మహారాష్ట్రలో, సాస్తి బొగ్గుగని క్వార్టర్లలో. మా నాయన తెలంగాణ నుంచి గనిలో పనికి వచ్చాడు, ఆయన వెంట మా అమ్మ వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం. వాకిలి దాటితే హిందీ, బడిలో మరాఠీ. చిన్నప్పటి నుంచి నేను రాసిన పరీక్షలన్నీ మరాఠీలోనే. తెలుగంటే మాకు వంటింట్లో మాట్లాడుకునే భాష, కొట్లాడుకునే భాష, ఆదివారం ప్రార్థన మందిరంలో పాడుకునే భాష. దానికి అక్షరాలున్నాయని తెలుసు. గోడ మీది క్యాలెండర్లో రోజూ చూసేదాన్ని. ఏది ఏ అక్షరమో మాత్రం తెలియదు.

ఇప్పుడు చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో ఉంటున్నాం. దగ్గర్లోనే ఒక మరాఠీ బడిలో కంప్యూటర్ టీచర్ని. ఒక్కరోజు తుడవకపోతే కీబోర్డు మీద వేలు నల్లబడే ఊరు మాది. పొద్దున్నే ల్యాబ్ తాళం తీసి ఎనిమిది కంప్యూటర్లూ గుడ్డతో తుడవడంతో నా ఉద్యోగం మొదలవుతుంది. ఎనిమిదిలో ఆరు పని చేస్తాయి.

నలభై ఏళ్ళు దాటేదాకా నాకు తెలుగు చదవడం రాదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఎవరూ అడగలేదు కూడా. మందిరంలో పాటలన్నీ నోటికొచ్చు. పక్కనున్నామె పుస్తకంలో ఏ పేజీ తిప్పితే నేనూ ఆ పేజీ తిప్పేదాన్ని. అంతే.

ఒక ఆదివారం ప్రార్థన అయిపోయాక మా పాస్టరు అయ్యగారు నన్ను ఆపారు. ఎవరో మందిరానికి ప్రొజెక్టర్ ఇచ్చారట. గోడ మీద పాటలు కనిపిస్తే బాగుంటుందని ఆయన కోరిక.

"బిడ్డా, నువ్వు కంప్యూటర్ టీచరువు. పాటలు టైపు చేసి పెట్టు. నా పాటతోనే షురూ చెయ్యి" అన్నారు.

ఆయన పాటంటే ఆయన స్వయంగా కట్టిన పాట. మా మందిరంలో దాన్ని పాడని ఆదివారం లేదు. నాకు రాదని చెప్పాల్సింది. ఆయన ముఖంలో ఆ సంబరం చూశాక నోరు రాలేదు. "అట్లనే అయ్యగారూ" అని వచ్చేశాను.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే దారి దొరికింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట కొడితే కంప్యూటర్ దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి చూపిస్తుంది. పాట నాకు నోటికొచ్చు. ఒక్కో మాట పాడుకోవడం, వినిపించినట్టు కొట్టడం. స్క్రీన్ మీద గుండ్రటి అక్షరాలు వరసగా వచ్చి నిలబడుతుంటే నాకెంత గర్వమో! నీలం రంగు వేసి, దాని మీద పసుపు అక్షరాలు పెట్టాను. ఒక్కో లైను ఎడమవైపు నుంచి ఎగిరొచ్చేలా చేశాను. అందులో ఏం రాసి ఉందో చదవలేను గానీ, చూడ్డానికి మాత్రం అద్భుతంగా ఉంది.

మా ఆయనకు చూపించాను. ఆయనా నాలాగే మరాఠీ బడిలో చదివినవాడే.

"మస్తుంది. పెండ్లి కార్డు లెక్క ఉంది" అన్నాడు.

ఆ మాట చాలనుకున్నాను.

మళ్ళీ ఆదివారం వచ్చింది. మందిరం నిండా జనం. గోడకు కట్టిన తెల్లటి దుప్పటి మీద నా నీలం తెర వెలిగింది. డోలు మొదలైంది. పడుచువాళ్ళూ పిల్లలూ కళ్ళు మూసుకుని గొంతెత్తి పాడుతున్నారు. ముందు వరసలో ఒక అవ్వ కూర్చుంటుంది. గనిలో పనిచేసి చనిపోయిన ఒకాయన భార్య. తుకుంలోనే మా ఇంటికి రెండు సందుల అవతల కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె ఏ పాటనైనా చదువుతూనే పాడుతుంది. ఆ రోజు కూడా లావు కళ్ళద్దాలు సర్దుకుని, గోడ మీది అక్షరాల వైపు వేలు చూపించుకుంటూ మొదలుపెట్టింది. మొదటి లైను సగంలోనే ఆగిపోయింది.

"అయ్యగారూ!" అని డోలు కంటే గట్టిగా పిలిచింది. "గిదేంది? నా కల్లు తెరువుము నాథా అని రాసిండ్రు! మనోళ్ళు కల్లు బంద్ చేసి ఎన్నేండ్లాయె!"

పాట 'నా కళ్ళు తెరువుము'. నేను కొట్టింది కల్లు. వెనక వరసలో కూర్చున్న రిటైరైన గని మనుషులు తలలు ఎత్తి చదివారు. ఒకాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఇంకొకాయనకు అది కూడా చేతకాలేదు, ఘొల్లున నవ్వాడు. అంతలో రెండో లైను ఎడమవైపు నుంచి ఎగురుకుంటూ వచ్చింది. 'నా పాపములు కడుగుము' అని ఉండాల్సిన చోట ఒక 'ప' ఎగిరిపోయింది.

"నా పాములు కడుగుమట!" అంది అవ్వ.

అయ్యగారు గంభీరంగా ఉండాలని చాలా ప్రయత్నం చేశారు. పెదవులు బిగబట్టారు, పైకప్పు వైపు చూశారు, చివరికి కుర్చీలో కూలబడి భుజాలు ఊగేలా నవ్వారు. అదీ తన సొంత పాటకు! పెద్దవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. పిల్లలు మాత్రం "కాయ్ ఝాలం? కాయ్ ఝాలం?" అని ఏమైందో చెప్పమని మరాఠీలో ఒకరినొకరు అడుగుతున్నారు. పాటలో మునిగి వాళ్ళు అవ్వ మాట వినలేదు, వాళ్ళకు గోడ మీద తప్పు కనబడలేదు. నాకూ కనబడలేదు. ఐనా అందరితో పాటు నేనూ నవ్వాను.

అందరూ బయటికి వెళ్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు టైపు చేసినవ్ గదా. నువ్వెందుకు నవ్వినవ్ బిడ్డా?"

"అందరు నవ్విండ్రని."

ఆమె నా ముఖంలోకి చూసింది. కళ్ళద్దాల వెనక ఆ కళ్ళు ఇంతింతున్నాయి.

"నీకు తెలుగు సదువ రాదా?"

అబద్ధం చెప్పడానికి చోటే లేదు. "రాదవ్వా. నేను మరాఠీల సదివిన" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. "గంతేనా! రేపు బడి ఐనంక రా. నీ డబ్బ గూడ తెచ్చుకో" అంది. డబ్బా అంటే ల్యాప్‌టాప్.

మర్నాడు వెళ్తే వరండాలో మంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టి పాటల పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయి, గుడ్డ ముక్కతో కుట్టి ఉంది. ఒక మాట మీద వేలు పెట్టి చదివింది. నేను ఆ మాట కొట్టాను. స్క్రీన్ మీద వచ్చినదాన్నీ, పుస్తకంలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. సరిపోతే "బరాబర్" అంది. సరిపోకపోతే "ఊహూఁ" అంది. మా చదువు అలా మొదలైంది.

'కల్లు' కొట్టాను. "ఊహూఁ." ఇంకోసారి కొట్టాను. "ఊహూఁ. గది గౌండ్లోళ్ళు గీసే కల్లే." ఏం చెయ్యాలో తోచక ఇంగ్లీషు చిన్న ఎల్ బదులు పెద్ద ఎల్ నొక్కాను. స్క్రీన్ మీద అక్షరం చటుక్కున ఆకారం మార్చుకుంది.

"బరాబర్!" అని అవ్వ నా తొడ మీద చరిచింది. "అగో, ఇప్పుడు తెరుసుకున్నయ్ కండ్లు!"

ఆ రోజు నేను నేర్చుకున్న మొదటి తెలుగు అక్షరం 'ళ'. అందరూ 'అ' దగ్గర మొదలుపెడతారు, నేను దాదాపు చివర నుంచి మొదలుపెట్టాను. రెండో రోజు ఇంకో వింత చూశాను. ఒక మీట నొక్కితే క్ అని వస్తుంది, ఇంకోటి నొక్కగానే దాని పొల్లు పోయి నెత్తిన తలకట్టు వస్తుంది, దానికి బదులు మరోటి నొక్కితే తలకట్టు చోట గుడి వస్తుంది. నా వేలి కిందే అక్షరం మారుతుంటే, మరాఠీలో నేను చిన్నప్పుడు బట్టీ పట్టిన గుణింతమే ఇదని అర్థమైంది. ఆ గుర్తులను తెలుగులో ఏమంటారో అవ్వను అడిగాను.

"నాకేం తెల్సు? నేను మాటలు సదువుత, అక్షరాలు గాదు" అంది.

ఆ పేర్లన్నీ నేనే ఇంటర్నెట్‌లో వెతికి తెలుసుకుని ఆమెకు చెప్పాను. గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం. "ఔనా! గివిటికి పేర్లు గూడ ఉన్నయా!" అని ఆమె ఆశ్చర్యపోయేది. ఎవరు టీచరో ఎవరు పిల్లో మాకే తెలిసేది కాదు.

వానాకాలం మొదలయ్యేసరికి నెమ్మదిగా కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఒకరోజు 'జ్ఞ' అనే అక్షరం ఎంతకీ అర్థం కాక, నోట్‌బుక్కూ పెన్నూ ఆమె ముందు పెట్టాను.

"అవ్వా, జర పెద్దగ రాసి చూపియ్యి."

అవ్వ చెయ్యి చీర కొంగులోకి వెళ్ళిపోయింది.

"నాకు రాసుడు రాదు బిడ్డా."

నేను నవ్వులాట అనుకున్నాను. కాదు. వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు ఒక పంతులమ్మ పిల్లలకు చదువు చెప్పేదట. ఆమె దగ్గర ఉన్నది ఒకటే పాటల పుస్తకం. పలకలు లేవు. అవ్వా, ఆమె చెల్లెలూ ఆ పుస్తకం మీద వేళ్ళు జరుపుతూ చదవడం నేర్చుకున్నారు. రాయడం నేర్చుకునేలోపే పంతులమ్మ ఊరు మారింది. తరవాత పత్తి చేన్లు, పెళ్ళి, ఈ ఊరు.

"పింఛన్ కాయిదాల మీద వేలుముద్ర ఏస్తే, ఆఫీసుల ఆ పిల్ల నాకు సదువే రాదనుకుంటది. నేను గూడ ఏం అన. ఆ కాయిదాలు మరాఠీల ఉంటయాయె" అని నవ్వింది.

నాకు చదవడం రాకుండా రాయడం వచ్చింది. ఆమెకు రాయడం రాకుండా చదవడం వచ్చు. ఈ మాట పైకి అనగానే ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ఆమె కోడలు వంటింట్లోంచి వచ్చి ఏమైందోనని చూసి వెళ్ళింది.

మందిరంలో పిల్లలు ఆ రోజు నవ్వలేకపోయారన్న సంగతి నా మనసులో అలాగే ఉంది. మా బడి పెద్ద మేడంను అడిగాను. ఆమె మరాఠీ ఆమె, నిక్కచ్చి మనిషి. శనివారం పొద్దుటి బడి వదిలాక ఒక గంట ల్యాబ్ వాడుకుంటానని, మందిరం పిల్లలకు తెలుగు నేర్పుతానని చెప్పాను. "కంప్యూటర్లు పాడు కాకూడదు, గోల చెయ్యకూడదు" అని రెండు షరతులు పెట్టి ఒప్పుకుంది.

పిల్లల కోసం ఒక ఆట తయారు చేశాను. స్క్రీన్ మీద రెండు బొమ్మలు ఉంటాయి. ఒకటి కల్లు కుండ, ఒకటి రెండు కళ్ళు. కింద ఒక మాట. సరైన బొమ్మ నొక్కాలి. అలాగే పాలు, పళ్ళు. తల, తాళం. మాటలన్నీ అవ్వతో చదివించి ఫోన్లో రికార్డు చేశాను. సరిగ్గా నొక్కితే "బరాబర్!" అంటుంది. తప్పు నొక్కితే "ఊహూఁ! కండ్లు నెత్తికెక్కినయా? సక్కగ సూడు!" అని తిడుతుంది.

మొదటి శనివారం పదిమందికి పైనే వచ్చారు. పది నిమిషాలు బాగానే నడిచింది. తరవాత ఒక పిల్ల కావాలని తప్పు నొక్కింది. తిట్టు వినడానికి! అది చూసి పక్కవాళ్ళూ మొదలుపెట్టారు. ఆరు కంప్యూటర్లలోంచి ఆరుగురు అవ్వలు ఒకేసారి "కండ్లు నెత్తికెక్కినయా!" అంటుంటే పిల్లలు బెంచీల మీద దొర్లి నవ్వారు. రెండో షరతు గాలికి పోయింది.

తలుపు తెరుచుకుంది. పెద్ద మేడం.

అందరం నిలబడ్డాం. ఆమె స్క్రీన్ వైపు చూసి ఇదేమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పిల్లలు మరాఠీలో, అందరూ ఒకేసారి చెప్పేశారు. ఇది తాగేది మేడం, ఇవి కళ్ళు మేడం, రెండింటికీ తేడా ఈ ఒక్క అక్షరమే మేడం. ఆమె "మళ్ళీ అను" అని ఒక పిల్లతో రెండు మాటలూ పలికించింది. విన్నాక ముఖం విప్పారింది.

"అరే, హా తర్ ఆపలా ళ!" అంది. ఇది మన 'ళ' కదా అని.

నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి మరాఠీ 'ళ' పెద్దగా రాసింది. "శాళా, ఫళా, కేళీ, డోళే" అని గట్టిగా చదివింది. బడి, బోర్డు, అరటిపళ్ళు, కళ్ళు. "హిందీ వాళ్ళ నోట ఇది పలకదు. మీకు మాత్రం ఇంట్లోనూ ఉంది, బడిలోనూ ఉంది" అని చాక్‌పీసు నా చేతికిచ్చింది. నేను దాని పక్కన తెలుగు 'ళ' రాశాను. బోర్డు మీద నేను తెలుగు రాయడం అదే మొదటిసారి.

ఇన్నాళ్ళూ మరాఠీ చదువు వల్లే మాకు తెలుగు రాకుండా పోయిందనుకునేదాన్ని. ఆ రోజు నుంచి పిల్లలకు కొత్త అక్షరం చెప్పినప్పుడల్లా మరాఠీ అక్షరం పక్కనే రాస్తున్నాను. ఎంత తొందరగా పట్టుకుంటారో! పెద్ద మేడం కూడా అప్పుడప్పుడు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటుంది. ఆమెకు ఇప్పుడు 'కండ్లు నెత్తికెక్కినయా' బాగా వచ్చు. స్టాఫ్‌రూంలో మా మీదే వాడుతుంది.

ఒక శనివారం అవ్వను ఆటోలో ఎక్కించుకుని ల్యాబ్‌కు తీసుకొచ్చాను. తన గొంతు తననే తిట్టడం విని ఆమె బిత్తరపోయింది.

"నేను గిట్ల ఒర్లుతనా?"

"గిట్లనే!" అన్నారు పిల్లలు.

అందులో ఒక పిల్ల అవ్వను కుర్చీలోకి లాగి కూర్చోబెట్టింది. "అవ్వా, నువ్వు గూడ రాయి." అవ్వ నా వైపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు, నాలాగా కొట్టడం కుదరదు. అప్పుడు తట్టింది. కంప్యూటర్‌లో నేరుగా తెలుగులో కొట్టే పద్ధతి కూడా ఉంది. ఏ మీటకు ఏ అక్షరమో తెలిస్తే చాలు. పిల్లలూ నేనూ కలిసి కాగితం మీద తెలుగు అక్షరాలు రాసి, కత్తిరించి, ఒక కీబోర్డు మీద మీట మీటకూ అతికించాం. అవ్వ ముఖం దగ్గరగా పెట్టి ఆ మీటలను చాలాసేపు చూసింది. అన్నీ ఆమెకు తెలిసినవే. డెబ్బై ఏళ్ళుగా చదువుతున్నవే.

వేలు పెట్టి ఒకటి నొక్కింది. స్క్రీన్ మీద 'చ' పడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది, వేడి పెనం తగిలినట్టు. తరవాత ఎత్వం ఎక్కడుందో అడిగింది. లకు ల వత్తు ఎలా ఇవ్వాలో చూపించాను. చాలాసేపు పట్టింది. చివరికి స్క్రీన్ మీద 'చెల్లె' అని నిలబడింది. అవ్వ తను రాసిన మాటను తనే రెండుసార్లు చదువుకుంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇంక ఉన్నది. రాస్త" అంది.

నాలుగు శనివారాలు పట్టింది. మధ్యలో మమ్మల్ని ఎవరినీ చూడనివ్వలేదు. వత్తుల దగ్గర మాత్రం పిలిచేది, అదీ చేత్తో మిగతా స్క్రీన్ మూసి. పూర్తయ్యాక ప్రింటు తీసి ఇస్తే, అప్పుడు నా చేతికిచ్చి చదవమంది. తప్పులున్నాయేమో చూడమని. నేను కూడబలుక్కోకుండా చదివిన మొదటి తెలుగు ఉత్తరం అదే.

"చెల్లె, నేను మంచిగున్న. ఇది నేనే రాసిన. ఎవలు రాసియ్యలే. నీ మోకాలు ఎట్లుంది. మన చిన్నప్పుడు మేకపిల్ల తప్పిపోయిందని అమ్మ నిన్ను కొట్టింది. అది నువ్వు చెయ్యలే. దొడ్డి తడిక నేనే తీసి మరిచిపోయిన. ఇన్నేండ్లు నోటితోని చెప్పరాలే. మీ అక్క."

"తప్పులున్నయా?" అంది అవ్వ.

"అక్షరం తప్పు లేదవ్వా" అన్నాను.

వాళ్ళ చెల్లెలు మంచిర్యాల పక్కన ఊళ్ళో ఉంటుంది. ఉత్తరం పోస్టు చేసిన వారానికి, నేను అవ్వ దగ్గర వరండాలో కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అవ్వకు చెవులు కొంచెం మందం. ఫోన్ స్పీకర్ మీద పెడుతుంది.

"అక్కా! గిది నిజంగ నువ్వే రాసినవా?"

"నేనే."

"ముసల్దానా! నీ తడికకు నేను దెబ్బలు తిన్ననా?" అని చెల్లెలు అరిచింది. అరుస్తూనే నవ్వుతోంది. ఉత్తరం ఎన్నిసార్లు చదివిందో, వీధిలో ఎవరెవరికి చూపించిందో అంతా చెప్పింది. తన అక్క కంప్యూటర్ మీద రాసిందంటే ఎవరూ నమ్మలేదట. అవ్వ వింటూ పప్పులో రాళ్ళు ఏరుతూనే ఉంది, కానీ రాళ్ళతో పాటు మంచి పప్పు కూడా పారేస్తోంది. నేను చేట లాక్కున్నాను.

"అక్కా, ఇంకేమన్న దాసినవా నా తాన? ఉంటే ఇప్పుడే చెప్పు" అంది చెల్లెలు.

అవ్వ నా వైపు చూసి కన్ను గీటింది. ఫోన్ నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"ఫోన్ల చెప్ప. రాసి పంపుత, సదువుకో" అంది.